వేశాం

వేశాం. అంతే చెప్పాలట. ప్యాచ్ వేశారా అని లోపల ఆవిడ అడుగుతుందట, వేశాం అని నేను చెప్పాలట, ఆ ఒక్క మాటతో గొడవంతా సర్దుకుపోయి ఎవరి సీట్లో వాళ్ళం వెళ్ళి కూర్చోవచ్చట. అడిగినదానికే జవాబు చెప్పు, అడగనిది ఎత్తకు, అని పచ్చటిక్కు సార్ పొద్దున్నే నాకు పాఠం చెప్పి, టై సర్దుకుని, ఆ గాజు తలుపు వెనక్కి వెళ్ళాడు. నేను బయట. పిలిచేదాకా ఇక్కడే ఉండాలి. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి, కాస్త కదిలితే చాలు టకటకమంటుంది, ఒళ్ళు మండిపోతున్న మనిషి కదలకుండా ఎలా కూర్చుంటుంది, అందుకని వరండా అంతా నా టకటకే. ఎదురుగా గాజు గోడ. పైసగం మసక గాజు, కింద సగం మామూలు గాజు, కాబట్టి లోపల ఎవరి మొహమూ కనబడదు, బల్ల కింద కాళ్ళు మాత్రం వరసగా కనబడుతున్నాయి. గోధుమరంగు చెప్పులు విచారణకు వచ్చిన మేడమ్‌వి, ఆస్పత్రివాళ్ళు బయటినుంచి పిలిపించిన మనిషి. పక్కన కుదురు లేకుండా ఊగుతున్నవి మా కంపెనీ పెద్దలవి. ఆ నల్ల బూట్లు సార్‌వి. కాలుమీద కాలు వేసుకుని, ఎంత నిమ్మళంగా ఉన్నాయో. మొహం చూస్తే మోసపోతాం కానీ కాళ్ళు చూస్తే మనిషి దొరికిపోతాడనుకునేదాన్ని. ఈయన కాళ్ళు కూడా అబద్ధం నేర్చుకున్నాయి.

పచ్చటిక్కు అని పేరు పెట్టింది నేనే. మా గదిలో గోడకు పెద్ద తెర ఉంటుంది, మేం చూసుకునే సర్వర్లన్నీ అందులో గళ్ళు గళ్ళుగా కనబడతాయి, బాగున్న ప్రతి గడిలో ఒక పచ్చ టిక్కు. ఒక్క గడి ఎర్రబడిందంటే ఈయనకు ముద్ద దిగదు. ఎందుకు ఎర్రబడిందని అడగడు, ఎప్పుడు పచ్చబడుతుందని అడుగుతాడు. ఆ తెరలో పై వరసలో మొదటి గడి ఆస్పత్రి డేటాబేస్ సర్వర్‌ది, దాన్ని మేం పెద్దాయన అంటాం. ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏ మందు, ఎవరు ఇంట్లో చెప్పకుండా వచ్చి డాక్టరు ముందు ఏడ్చి వెళ్ళారు, అన్నీ పెద్దాయన కడుపులోనే ఉంటాయి. ఆయన ఆగితే వార్డుల్లో తెరలన్నీ ఆగుతాయి కాబట్టి ఆపడం అనేది మా దగ్గర బూతుమాట. అలాంటి పెద్దాయనకు చిల్లు ఉందని, పాస్‌వర్డు కూడా అక్కర్లేకుండా ఎవడైనా దూరవచ్చని, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళే చాటారు. చిల్లు ఇక్కడుంది, ఇదిగో ప్యాచ్, వెంటనే వేసుకోండి అన్నారు. వాళ్ళు చాటింది మా ఒక్కళ్ళకే వినబడుతుందా, దొంగలకు చెవులు లేవా. ఆ రోజే ప్యాచ్ దించుకుని వేశాను. వేశాను అంటే, కొత్త ఫైళ్ళు డిస్కులోకి చేరాయి. గోడమీద గడిలో టిక్కు పచ్చగా మెరిసింది. శభాష్ అన్నాడు సార్. ఇంకా అవ్వలేదు సార్, పెద్దాయన్ని ఒకసారి ఆపి, పడుకోబెట్టి లేపాలి, లేచినప్పుడే కొత్తది చదువుకుంటాడు, అప్పటిదాకా పాతదే నడుస్తుంది, చిల్లు చిల్లులాగే ఉంటుంది అన్నాను. పచ్చగా ఉందిగా అమ్మా, అన్నాడు తెర చూపించి. తెర డిస్కులో ఏముందో చూస్తుంది సార్, నడుస్తున్నది ఏమిటో చూడదు. ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోరు, ఐదు నిమిషాలు ఆగినా కొంప మునుగుతుందంటారు, వచ్చేవారం చూద్దాం, అన్నాడు. ఆ వచ్చేవారం ఎన్ని వారాలైనా రాలేదు. అడిగిన ప్రతిసారీ వస్తూనే ఉంది, బయల్దేరానని చెప్పి ఇంట్లోనే కూర్చున్న చుట్టంలాగా.

ఇది ఇంట్లో అర్థమయ్యేలా చెప్పాలంటే నాకు మా మామయ్య కళ్ళజోడు తప్ప వేరే దారి దొరకలేదు. మా ఆయనా నేనూ చెవినిల్లు కట్టుకుని పోరితే, చివరికి విసుగెత్తి కొత్త కళ్ళజోడు చేయించుకున్నారు. చేయించుకుని, పెట్టుకుంటే గీతలు పడతాయని డబ్బాలో పెట్టి, డబ్బాని గుడ్డలో చుట్టి బీరువాలో దాచారు. ముక్కుమీద మాత్రం పాతదే. పాత అద్దాలతో మెట్టు కానరాక జారిపడి మోచెయ్యి గీరుకుపోయింది. కట్టు కడుతూ డాక్టరు, కళ్ళజోడు మార్చుకున్నారా పెద్దాయనా అని అడిగాడు. మార్చకేం నాయనా, మొన్ననే కొత్తది చేయించుకున్నాను, అన్నారు మామయ్య, మొహంలో ఎంత నిజాయితీ అనుకున్నారు. పక్కనున్న అత్తయ్య ఊరుకోదుగా. చేయించారు బాబూ, చేయించి బీరువాకి పెట్టారు, అంది. డాక్టరు నవ్వాపుకోలేక కట్టు వదులుగా కట్టాడు. నేనూ నవ్వాను ఆ రోజు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే కూడా మంటే. మామయ్య చేసిన పనికి మామయ్య మోచెయ్యే గీరుకుపోయింది. మావాళ్ళు బీరువాకి పెట్టిన కళ్ళజోడుకి మా చెల్లి పడింది.

చెల్లి పేరు తలుచుకోగానే ఈ కుర్చీ మళ్ళీ టకటక. అదేమో పసిపిల్లల బడిలో టీచరు, అంతమంది ఏడుపు ఒకేసారి మొదలైతే మధ్యలో కూర్చుని దొంగ తుమ్ము తుమ్మి అందరినీ ఆపేసేది. దాని బిడ్డ కడుపులోనే పోయాక ఆ తుమ్ములూ పోయాయి. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసేది, తన ఏడుపు బయటికి వినబడకూడదని. బకెట్టు నిండి పొర్లి నీళ్ళు గది గడప దాటి వచ్చేవి. ఎంతసేపు తలుపు కొట్టానో. డాక్టరు దగ్గరికి రానంది, బడిలో తెలిస్తే పిల్లల్ని నా చేతికివ్వరక్కా అంది. మా ఆస్పత్రే కదే, వివరాలన్నీ మా దగ్గరే ఉంటాయి, నేనే చూసుకుంటాను, నీకూ నాకూ డాక్టరుకూ తప్ప ఇంకో కంటికి తెలియదు అన్నాను. మా ఆస్పత్రి. అదేదో నేను కట్టించినట్టు. వెళ్ళింది, మందులు వాడింది, మెల్లగా నిద్రపట్టింది, ఒకరోజు నా ఎదురుగానే దొంగ తుమ్ము తుమ్మింది, ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాతే వచ్చింది మెసేజి. పిల్లల తల్లిదండ్రులందరూ ఉన్న ఫోన్ గ్రూపులో, దాని పేరు, డాక్టరు పేరు, మందుల పేర్లు, వాడమన్న వేళలతో సహా. ఇలాంటి మనిషి ఒళ్ళో మన పిల్లల్ని కూర్చోబెడుతున్నాం అని కింద ఎవరిదో వ్యాఖ్య. బడి పెద్ద టీచరమ్మ మర్యాదగానే చెప్పిందట, కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా అని. ఆ కొన్నాళ్ళు కూడా మా సార్ వచ్చేవారం లాంటివే.

అలాంటి మెసేజీలు ఇంకా చాలామందివి తిరిగాయి, అందుకే ఈ విచారణ. కానీ మావాళ్ళు ముందే జవాబు చెప్పేశారు. మా సర్వర్‌కు ప్యాచ్ వేసే ఉంది, మా దగ్గర్నుంచి ఏదీ బయటికి పోలేదు, తిరుగుతున్నవి మావి కావు అని ప్రకటన ఇచ్చారు. చెల్లి అది చదివింది. చదివి, అరవలేదు, అరిచినా బాగుండేది, ఉతికిన బట్టలు మడతపెడుతూ మెల్లగా అంది. "మీవాళ్ళు ఏమీ పోలేదంటున్నారుగా అక్కా. మరి తెలిసింది నీకొక్కదానికే కదా." నేను చెప్పలేదే అన్నాను. ఎవరితోనో మాటవరసకు అని ఉంటావులే, అంది, క్షమించేస్తున్నట్టు. ఆ క్షమించడమే నా గుండెలో దిగబడింది. మేం వేసిన ప్యాచ్ నడవడం లేదే అని చెప్పబోతే, ఇంక వద్దులే అక్కా, ప్రతిదానికీ మీ కంప్యూటర్ల మీద తొయ్యకు అంది. అప్పట్నుంచి ఫోనెత్తదు. వాళ్ళింట్లో మర్చిపోయిన నా గొడుగుని మరిదితో పంపించింది. మరిది గుమ్మంలోనే నిలబడి, గొడుగు ఇచ్చి, తన చెప్పులు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక తల్లికి పుట్టాం, ఒక దుప్పట్లో పడుకున్నాం, ఆ పిల్ల నా గొడుగు కూడా ఇంట్లో ఉంచుకోలేకపోయింది. అక్కడ నల్ల బూట్లు నిమ్మళంగా ఊగుతున్నాయి.

ఊగనీ. ఆయనకేం. ఆ చిల్లులోంచి దూరినవాడు వాకిట్లో పేరు రాసి రాడు, పాస్‌వర్డు అడిగే చోటు దాటకుండానే వచ్చి వెళ్ళిపోతాడు, అడుగుజాడ ఉండదు. వాడు వచ్చాడని చూపించలేం. రాగలిగేవాడని మాత్రమే చూపించగలం, అదీ ఆ తలుపు ఇంకా తెరిచే ఉందని ఒప్పుకుంటేనే. ఒప్పుకోవాలంటే ఒకటే సాక్ష్యం. పెద్దాయన్ని, నువ్వు ఎప్పుడు లేచావయ్యా అని అడిగితే తేదీ చెప్తాడు. చిల్లు ఉందని లోకానికి తెలియకముందు ఎప్పుడో లేచాడు, మళ్ళీ పడుకోలేదు. ఆ తేదీ ఒక్కటి చూస్తే చాలు, కాస్త తెలిసినవాళ్ళకు అంతా తెలిసిపోతుంది. కానీ చూడమని ఎవరనాలి, అడిగినదానికే జవాబు చెప్పే నేను అనాలా. ఎన్నిసార్లన్నాను సరే సార్, సరే సార్ అని, ఆ మాట అనీ అనీ నా నాలుకమీద కాయ కాసి ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని పెళ్ళిచూపుల్లో నన్ను పొగిడారు, పొగడ్తట అది. వరండా చివర కాఫీ మిషన్ గుర్రుమంటోంది, ఎవరో బటన్ నొక్కి వదిలేసి వెళ్ళిపోయినట్టున్నారు, కప్పు పెట్టకుండానే కాఫీ పోతోంది, కింద ఉన్న జాలీలోకి. చూస్తూ కూర్చున్నాను, లేచి ఆపాలని కూడా అనిపించలేదు. తర్వాత లేచి ఆపాను. ఇలాంటివన్నీ నేనే ఆపాలి.

తలుపు తెరుచుకుంది. పిలుస్తారనుకుని లేచాను. సార్ ఒక్కడే వచ్చాడు, తలుపు వెనక్కి మెల్లగా వేసి, పళ్ళు కనబడేలా నవ్వాడు. నన్ను చూసి నవ్వడం నాకు ఎప్పుడూ మంచి శకునం కాలేదు.

"కాస్త విరామం ఇచ్చారు. ల్యాప్‌టాప్ ఉందిగా? ఇక్కడే కూర్చుని పెద్దాయన్ని ఒకసారి పడుకోబెట్టి లేపెయ్."

"ఇప్పుడా సార్? ఆస్పత్రికి చెప్పారా?"

"ఐదు నిమిషాలకేం కొంప మునగదులే. లేచాక అన్నీ కొత్తగా ఉంటాయి, ఎవరేం చూసినా పరవాలేదు. నీ మంచికే చెప్తున్నాను, ప్యాచ్ వేసింది నువ్వేగా."

భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మాట కాదు, నిజంగానే ఎక్కుతుంది, మోకాళ్ళ దగ్గర తెలుస్తుంది ముందు. కొంప మునగదట. అదే నోరు, అదే కొంప, అవే ఐదు నిమిషాలు. చిల్లు పూడ్చడానికి ఇన్నాళ్ళు దొరకని ఐదు నిమిషాలు, తేదీ చెరపడానికి ఎంత చవకగా దొరికాయి. ఎవరినీ అడగక్కర్లేదు, వార్డులో ఎవరికి ఏ మందు ఎక్కుతోందో చూడక్కర్లేదు. అంటే అప్పుడు ఆగింది రోగుల కోసం కాదు. ఒక గడి కాసేపు ఎర్రబడుతుంది, పైవాళ్ళు చూస్తారు, ఎందుకని అడుగుతారు, దానికోసం. ఒక ఎర్ర గడి కోసం మా చెల్లి. వీడి తెర తగలెయ్య. ల్యాప్‌టాప్ తెరిచాను.  ఒక్క ఆజ్ఞ చాలు, పెద్దాయన పడుకుని లేస్తాడు, చిల్లు పూడుతుంది, అది చెయ్యవలసిన పనే, ఇన్నాళ్ళు నేను నెత్తీనోరూ కొట్టుకున్నదీ ఆ పని కోసమే. చేస్తే తేదీ పోతుంది. తేదీ పోతే, ఏమీ పోలేదన్న ప్రకటన నిజమైపోతుంది, మాటవరసకు ఎవరితోనో అనేసిన అక్కగా నేను చచ్చేదాకా ఉండిపోతాను. చెయ్యకపోతే ఇంకెవరి చెల్లెలి పేరో ఇప్పుడే, ఈ నిమిషమే, అందులోంచి జారిపోతుండవచ్చు. ఎటు చూసినా వాడి పనే నా చేతులతో. ఎంత తెలివిగా పెట్టాడు నా చేతుల్లో.

అప్పుడు ఇంకొకటి తట్టింది. ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోరు అని సార్ అనగా విన్నాను తప్ప, ఒప్పుకోం అని ఆస్పత్రివాళ్ళు అనగా నేనెప్పుడూ వినలేదు. హెడ్ నర్సు నంబరు నా దగ్గరే ఉంది, తెరలు మెల్లగా నడిచినప్పుడల్లా నన్ను తిట్టేది ఆవిడే. చేశాను.

"సిస్టర్, నేను, డేటాబేస్ నుంచి. సర్వర్‌ను కొద్ది నిమిషాలు ఆపాలి. మీకు ఎప్పుడైతే ఇబ్బంది ఉండదు?"

"ముందుగా చెప్తే ఎప్పుడైనా సరేనమ్మా. మందుల షీట్లు ప్రింటు తీసి పెట్టుకుంటాం, కరెంటు పోయినప్పుడు చేసేది అదేగా. ఎందుకు, ఏమైంది?"

"మీరు ఒప్పుకోలేదని మాకు చెప్పారు, ఇన్నాళ్ళూ."

"నేనా? నన్నెవరడిగారు?"

 ఫోను చెవికి అలాగే పెట్టుకుని గాజు కిందనుంచి బూట్లు చూశాను. అడగలేదు. ఒక్కసారి, ఒక్క ఫోను, ఇంత మాట, ఎవరూ అడగలేదు. నన్నెవరడిగారు అన్న ఆ గొంతు నా చెవిలో తిరుగుతోంది. షీట్లు తీసి ఉంచండి సిస్టర్, ఆపేముందు మళ్ళీ చేస్తాను, అప్పుడు మీరు సరే అంటేనే ఆపుతాను అన్నాను. అలాగేనమ్మా, అంది ఆవిడ, ఎంత మామూలుగా అందో. ఇంతలో తలుపు తెరిచి ఎవరో నన్ను పిలిచారు. తెరిచిన ల్యాప్‌టాప్‌ను మూయకుండా చంకలో పెట్టుకుని వెళ్ళాను.

లోపల చలి. బల్లకు ఆ చివర మేడమ్, మా అమ్మ వయసు ఉంటుంది, ముక్కు చివర కళ్ళజోడు. కాళ్ళు చూసి ఊహించుకున్న మనిషికంటే అలిసిపోయి ఉంది. సార్ నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు, అయిందా అని. నేను తల ఊపాను. ఏమయిందో అనలేదుగా. మేడమ్ నీళ్ళు తాగమంది, తాగాను. తర్వాత అడిగింది, సార్ చెప్పిన మాటే, అక్షరం తేడా లేకుండా.

"ప్యాచ్ వేశారా?"

"వేశాం మేడమ్," అన్నాను. "వేసి బీరువాకి పెట్టాం."

కలం ఆగింది. కళ్ళజోడు మీదనుంచి చూసింది. మా మామయ్య సంగతంతా చెప్పాను, అత్తయ్య మాటతో సహా, కంపెనీ పెద్దల ముందు. ఎవరూ నవ్వలేదు. గోడమీద పెద్ద తెరకు నా ల్యాప్‌టాప్ తగిలించి, నువ్వు ఎప్పుడు లేచావయ్యా అని పెద్దాయన్ని అడిగాను. తేదీ వచ్చింది. అది అక్షరాలా అరచెయ్యంత ఉంది గోడమీద. చిల్లు సంగతి చాటిన తేదీ కూడా పక్కన పెట్టాను. సాంకేతికంగా చూస్తే, అని మొదలుపెట్టాడు సార్. మీరు ఆగండి, అంది మేడమ్, నావైపే చూస్తూ. "అయితే చిల్లు ఇవాళ్టికీ ఉందా?"

"ఇవాళేమిటి మేడమ్, ఈ నిమిషం కూడా ఉంది. తేదీ పోకుండా చెరిపెయ్యమని ఇందాకే నాకు ఆర్డరు వేశారు, కాబట్టి ముందు మీరు దాన్ని ఫోటో తీసుకోండి."

తేదీ పోకుండా చెరిపెయ్యడమేమిటి, కోపంలో మాట తడబడింది, కానీ ఆవిడకు అర్థమైంది, ఫోను తీసి ఒకటికి రెండుసార్లు ఫోటో తీసింది. సార్ ఏదో అంటున్నాడు, అపార్థం, తొందరపాటు, బృందం మొత్తం బాధ్యత. బృందమట. ఇన్నాళ్ళు అమ్మా అమ్మా అని పిలిచిన నోటికి ఇప్పుడు బృందం దొరికింది. నేను హెడ్ నర్సుకు ఫోను చేసి స్పీకరులో పెట్టాను. షీట్లు తీశామమ్మా, ఆపుకో, అంది ఆవిడ గొంతు గది మధ్యలోంచి. ఇంతకీ ఇన్నాళ్ళూ నేనొద్దన్నానని చెప్పిందెవరు, అని కూడా అడిగింది.  నేను ఆజ్ఞ కొట్టాను. పెద్దాయన పడుకున్నాడు. బల్లమీద సార్ ఫోను ముందు ఒకసారి కొట్టుకుంది, తర్వాత ఆగకుండా కొట్టుకుంటూ బల్ల అంచుదాకా జరిగింది, ఆ ఫోను తెరమీద మొదటి గడి ఎర్రగా. ఎవరూ దాన్ని ఆపలేదు. కాసేపటికి పెద్దాయన లేచాడు, నడుస్తున్నది ఏమిటో అడిగితే కొత్తది అన్నాడు. ఇక మీరు బయట ఉండండి, మళ్ళీ పిలుస్తాను, వివరాలు పోయినవాళ్ళకు మీ కంపెనీ ఏం చెప్పాలో అప్పుడు మాట్లాడదాం, అంది మేడమ్.

కంపెనీ చెప్పేదాకా ఎవరాగుతారు. వాళ్ళు మాటలు పేర్చేసరికి వచ్చేవారం అవుతుంది. రేపు నా సీటు ఉంటుందో ఉండదో, ఉన్నా నేను కూర్చుంటానో లేదో, అది తర్వాత. అదే పొట్టికాలు కుర్చీలో కూర్చుని చెల్లికి చేశాను. మోగింది. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.  అటువైపు కుళాయి చప్పుడు, ధారగా, బకెట్టులో పడుతున్న నీళ్ళు.  ఆ చప్పుడు నాకు తెలుసు, ఆ తలుపు ముందు నేను ఎన్నాళ్ళు నిలబడ్డానో నాకు తెలుసు. సర్దిచెప్పే మాటలు, బుజ్జగించే మాటలు, ఏవీ రాలేదు, కోపం ఒక్కటే ఉంది, అదే గొంతులోకి వచ్చింది.

"నేను చెప్పలేదే," అన్నాను. "మేం పోగొట్టాం. తలుపు తెరిచిపెట్టి, వేశాం అని అబద్ధం చెప్పాం."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. లోపల మళ్ళీ సార్ ఫోను కొట్టుకుంటోంది. కుర్చీ కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. తర్వాత అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు.

"వినబడలేదక్కా," అంది చెల్లి. "మళ్ళీ చెప్పు."